ఒక గరిటె తక్కువ

ఈ రోజు ఎపిసోడ్‌లో బరువు గురించి మాట్లాడుకుందాం. బరువు అనగానే మీకు జిమ్, ట్రెడ్‌మిల్, ప్రోటీన్ డబ్బా గుర్తొస్తాయి. నేను వాటి గురించి చెప్పట్లేదు. నేను చెప్పేది కంచం గురించి. కంచంలో ఎంత వేసుకుంటున్నాం, ఎలా తింటున్నాం, ఎక్కడ ఆపుతున్నాం. ఇంతే.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి నా గురించి ఒక్క మాట. నేను ఫిల్మ్‌నగర్‌లో ఉంటాను. సినిమాల్లో కాస్ట్యూమ్స్ డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తాను. నేను డాక్టర్ని కాదు, డైటీషియన్ని కాదు. నా మెడలో ఎప్పుడూ ఉండేది టేపు. పదమూడేళ్ళుగా మనుషుల నడుము కొలుస్తున్నాను. ఒకే మనిషి నడుము జనవరిలో ఎంత, ఏప్రిల్‌లో ఎంత, సినిమా పూర్తయ్యేసరికి ఎంత, అన్నీ నా పుస్తకంలో రాసి ఉంటాయి.

సినిమాలో కంటిన్యుటీ అని ఒకటుంటుంది కదా. ఫస్ట్ షెడ్యూల్‌లో హీరో చొక్కా వేసుకుని గుమ్మం దాకా వస్తాడు. గుమ్మం దాటే షాట్ మూడు నెలల తర్వాత తీస్తారు. చొక్కా అదే, మనిషీ అలాగే ఉండాలి. కానీ ఉండడు. పెరుగుతాడు, లేకపోతే తగ్గుతాడు. అందుకే మేం కుట్టు లోపల ఎక్‌స్ట్రా గుడ్డ వదిలేస్తాం. అవసరమైతే లూజు చేస్తాం, అవసరమైతే బిగిస్తాం.

ఇన్నేళ్ళలో నేను గమనించింది ఏంటంటే, గబగబా తగ్గినవాళ్ళ బట్టలు మళ్ళీ నా దగ్గరికే వస్తాయి. రెండో షెడ్యూల్‌కి బిగించినవి మూడో షెడ్యూల్‌కి మళ్ళీ విప్పాలి. మెల్లగా తగ్గినవాళ్ళ బట్టలు ఒక్కసారి బిగిస్తే చాలు, అలాగే ఉండిపోతాయి. ఈ రోజు నేను చెప్పే విషయమంతా ఇదే. మిగతాది వివరం.

ముందు మా ఏరియా గురించి చెప్తాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఒకసారి రండి. అడుగడుక్కీ జిమ్, స్లిమ్మింగ్ క్లినిక్, స్కిన్ క్లినిక్. పక్కనే బిర్యానీ, పక్కనే డెజర్ట్ షాప్. పెంచేవాళ్ళూ ఇక్కడే, తగ్గించేవాళ్ళూ ఇక్కడే. మధ్యలో మనం.

ఈ ఏరియా మనకి ఒక అలవాటు చేసింది. హీరో ఒక సినిమాలో బొద్దుగా ఉంటాడు, నెక్స్ట్ సినిమాలో సన్నగా కనిపిస్తాడు. 2007లో యమదొంగ వచ్చినప్పుడు జూనియర్ ఎన్టీఆర్‌ని చూసి జనం షాకయ్యారు. రాజమౌళి సలహాతో అంత సన్నబడ్డారు. అదే ఏడాది దేశముదురులో అల్లు అర్జున్ సిక్స్ ప్యాక్ చూసి ఊరూరా జిమ్‌లకి కుర్రాళ్ళు క్యూ కట్టారు. మనం చూసింది రెండు ఫొటోలు. ముందు ఫొటో, తర్వాత ఫొటో. ఆ రెండు ఫొటోల మధ్య ఏముందో మనకి కనపడదు. ట్రైనర్ ఉంటాడు. వంటమనిషి ఉంటాడు. ఏ పూట ఏం తినాలో చెప్పేవాళ్ళుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక డేట్ ఉంటుంది. ఆ డేట్‌కి బాడీ రెడీ అవ్వాలి. అది వాళ్ళ ఉద్యోగం.

మీకు ఆ డేట్ లేదు. అది మీ అదృష్టం. కానీ మనం ఏం చేస్తాం? లేని డేట్ పెట్టుకుంటాం. అక్క పెళ్ళికి ఇరవై రోజులుంది, పది కేజీలు తగ్గాలి. కాలేజ్ ఫేర్‌వెల్‌కి రెండు వారాలుంది, పొట్ట పోవాలి. స్టార్‌కి ఉన్న టెన్షన్ తెచ్చుకుంటాం, స్టార్‌కి ఉన్న సపోర్ట్ మాత్రం ఉండదు.

2015 గుర్తు చేస్తాను. ఆ ఏడాది నవంబర్‌లో సైజ్ జీరో అని సినిమా వచ్చింది. అనుష్క అందులో బొద్దుగా ఉండే అమ్మాయి. ఆ పాత్ర కోసం ఆవిడ నిజంగానే బరువు పెరిగారు. త్వరగా సన్నబడే ఆశ చూపించి మనుషుల ఆరోగ్యం పాడుచేసే క్లినిక్ మీద కథ. తర్వాత ఆ బరువు తగ్గించుకోవడం కష్టమైందని ఆవిడే చెప్పారు. అంత క్రమశిక్షణ ఉన్న మనిషికే కష్టమైంది.

అదే ఏడాది జూన్ 6న, అమెరికాలోని న్యూజెర్సీలో ఆర్తీ అగర్వాల్ చనిపోయారు. నువ్వు నాకు నచ్చావ్‌లో మనందరికీ నచ్చిన అమ్మాయి. వయసు 31. చనిపోవడానికి కొన్ని వారాల ముందు కొవ్వు తీసే ఆపరేషన్, అదే లైపోసక్షన్, చేయించుకున్నారని ఆవిడ మేనేజర్ అప్పట్లో చెప్పారు. దేనివల్ల ఏం జరిగిందని తీర్పు చెప్పడానికి నేను ఎవర్ని? కానీ ఒక్కటి అడుగుతాను. ఆవిడ లావైందని అప్పట్లో ఎంతమంది ఎన్ని మాటలన్నారు? ఎన్ని వెబ్‌సైట్లు ఫొటోలు పక్కపక్కన పెట్టి నవ్వాయి? ఈ రోజు మీమ్ పేజీలు చేసేది కూడా అదే. ఒక హీరోయిన్ రెండు కేజీలు పెరిగితే చాలు. చూసేవాళ్ళకి అది జోక్. చదివి నవ్వుకున్న అమ్మాయి అదే రాత్రి అద్దం ముందు నిలబడి అన్నం మానేస్తుంది. అది జోక్ కాదు.

అలాంటి అమ్మాయి ఒకరు నాకు తెలుసు. పేరు చెప్పను. గోదావరి జిల్లా నుంచి వచ్చి కృష్ణానగర్‌లో ముగ్గురితో కలిసి రూమ్‌లో ఉండేది. చిన్న వేషం వచ్చింది. పదిహేను రోజుల్లో ఏడు కేజీలు తగ్గితే వేషం నీదే అన్నారట. బ్లాక్ కాఫీ, కీరా ముక్కలు. పదిహేను రోజులు అదే తిండి. నా పుస్తకంలో ఆ అమ్మాయి నడుము రెండున్నర అంగుళాలు తగ్గింది. నైట్ షూట్‌లో, లైట్ల కింద, మూడో టేక్‌లో కళ్ళు తిరిగి పడిపోయింది. మంచినీళ్ళు తాగించి కూర్చోబెడితే అడిగిన మొదటి మాట, "అక్కా, బ్లౌజ్ కరెక్ట్‌గా ఉందా?" అని. వేషం వేరేవాళ్ళకి వెళ్ళింది. రెండు నెలల తర్వాత ఇంకో పనికి కొలతలు తీసుకుంటే నడుము పాత నంబర్ దాటి ఇంకో అంగుళం పెరిగింది.

ఎందుకు ఇలా జరుగుతుంది? ఆ అమ్మాయికి విల్ పవర్ లేకనా? కాదు. కీరా ముక్కల మీద పదిహేను రోజులున్న మనిషికి విల్ పవర్ లేదని ఎలా అంటాం? బాడీ పని చేసే పద్ధతే అంత. తిండి సడన్‌గా తగ్గిస్తే మొదటి వారంలో పోయేది ఎక్కువగా నీళ్ళు. తర్వాత కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. బాడీకి సన్నబడాలన్న మీ కోరిక తెలీదు. దానికి తెలిసింది ఒక్కటే, కరువొచ్చింది అని. ఖర్చు తగ్గించేస్తుంది, ఆకలి పెంచేస్తుంది.

అమెరికాలో ది బిగ్గెస్ట్ లూజర్ అని ఒక టీవీ షో ఉండేది. ఎవరు ఎక్కువ బరువు తగ్గితే వాళ్ళకి ప్రైజు. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత సైంటిస్టులు పరీక్షించి, 2016లో రిపోర్ట్ రాశారు. 14 మందిలో 13 మంది మళ్ళీ పెరిగారు. పైగా ఆరేళ్ళయినా వాళ్ళ శరీరాలు ఆ సైజు మనిషి ఖర్చు చేయాల్సిన దానికన్నా రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. షో అయిపోయింది, బాడీలో భయం పోలేదు.

మరి ఎంత స్పీడ్ కరెక్ట్? దీనికి జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై తర్వాత హైదరాబాద్ వచ్చింది. దేశం మొత్తానికి ఏం తినాలి, ఎంత తినాలి అని చెప్పే సంస్థ అది. 2024లో కొత్త ఆహార నియమాలు ఇచ్చింది. వాళ్ళ మాట ఏంటంటే, వారానికి అర కేజీ తగ్గడం సేఫ్. తగ్గడం కోసం తిన్నా సరే, రోజుకి 1000 కేలరీల కన్నా కిందికి వెళ్ళకూడదు.

వారానికి అర కేజీ అంటే మీకు నవ్వొస్తుంది. రీల్స్‌లో రోజుకో కేజీ తగ్గిస్తున్నారు కదా. లెక్క వేయండి. అర కేజీ చొప్పున ఆరు నెలలకి 13 కేజీలు. అందులో సగమే తగ్గినా ఆరు కేజీల పైన. ఆరు కేజీలు తగ్గితే ప్యాంట్ సైజు మారిపోతుంది, అది నేను గ్యారంటీగా చెప్పగలను.

ఇంకో మాట. ఇది నలుగురైదుగురి సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 36 మంది, మగవాళ్ళలో 31 మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. తెలంగాణలో ఆడవాళ్ళు 30, మగవాళ్ళు 32. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. కాబట్టి సిగ్గుపడాల్సిందేం లేదు. మన ఇళ్ళలో, మన కంచాల్లో ఏదో ఉంది. అదేంటో చూద్దాం.

మన భోజనం ఎలా ఉంటుంది? ముందు పప్పు అన్నం. తర్వాత కూర అన్నం. పచ్చడి ఉంటే దానికో నాలుగు ముద్దలు, నెయ్యి వేసి. తర్వాత సాంబారో చారో. చివర పెరుగన్నం. పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టే ఉండదు. ఇక్కడ గమనించండి. ప్రతి రౌండ్‌కీ కొత్తగా అన్నం వేసుకుంటాం. ఆకలి రెండో రౌండ్‌లోనే తీరిపోయింది. కానీ చారు ఉంది కాబట్టి చారుకి అన్నం. పెరుగు ఉంది కాబట్టి పెరుగుకి అన్నం. అంటే అన్నం ఎంత తినాలో మన కడుపు చెప్పట్లేదు, గిన్నెల సంఖ్య చెప్తోంది.

నేను ఒకరోజు మా ఇంట్లో గరిటెతో అన్నం తీసి వంటింటి కాటా మీద పెట్టాను. ఒక గరిటె దాదాపు 100 గ్రాములు తూగింది. వండిన తెల్లన్నం 100 గ్రాములకి సుమారు 130 కేలరీలు. మీ ఇంటి గరిటె వేరే ఉండొచ్చు, ఒకసారి తూచి చూడండి. సరదాగా ఉంటుంది. ఐదు రౌండ్లకి ఐదు గరిటెలు అనుకుందాం. నేను రౌండ్లు మానమనట్లేదు. పప్పు మానకండి, పెరుగు అసలు మానకండి. రౌండ్లు అన్నీ ఉంచి, ప్రతి రౌండ్‌కీ అన్నం కొంచెం కొంచెం తగ్గించండి. మొత్తం మీద ఒక గరిటె తగ్గాలి. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. రోజుకి 260 కేలరీలు పోయాయి. మీకు తెలియను కూడా తెలియదు.

ఆ ఖాళీలో కూర పెంచండి. మనం కూరని అన్నంలో కలుపుకునే వస్తువులా చూస్తాం. నాలుగు ముద్దలకి ఒక చెంచా కూర. ఇక్కడ రివర్స్ చేయాలి. పోషకాహార సంస్థ 2000 కేలరీల మనిషికి చెప్పిన లెక్కలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి రోజుకి 400 గ్రాములు. బియ్యం, గోధుమ, సిరిధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములే, అదీ వండకముందు తూకం. పప్పులు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. చూశారా, ధాన్యం కన్నా కూరగాయలు ఎక్కువ. మన కంచంలో ఎప్పుడైనా అలా ఉందా? పొద్దున రెండు ఇడ్లీయో దోసెయో తిన్నాక, ఆ 250 గ్రాముల్లో మధ్యాహ్నానికీ రాత్రికీ కలిపి మిగిలేది నాలుగైదు గరిటెల అన్నమే.

నూనె లెక్క కూడా చెప్పుకుందాం. అదే లిస్టులో నూనె, నెయ్యి అన్నీ కలిపి మనిషికి రోజుకి 27 గ్రాములు. నలుగురున్న ఇంట్లో నెలకి సుమారు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో నెలకి ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో అమ్మని అడగండి. ఒక చిన్న చెంచా నూనె తగ్గితే 45 కేలరీలు. వేపుడు వారంలో ఐదు రోజులు కాకుండా రెండు రోజులు చేసుకుంటే చాలు.

కొంతమంది అంటారు, మేం బియ్యం మానేసి కొర్రలు తింటున్నాం అని. మంచిదే. పీచు ఎక్కువ ఉంటుంది, కడుపు నిండినట్టు ఉంటుంది. కానీ కేలరీల్లో కొర్రలకీ బియ్యానికీ పెద్ద తేడా లేదు. కొర్రన్నం అని చెప్పి ఆరు గరిటెలు తింటే లాభం లేదు. మన తెలుగువాళ్ళకి ఏడాదికో డైట్ వస్తుంది. ఒక ఏడాది కొబ్బరినూనె, ఇంకో ఏడాది కషాయం, ఇంకో ఏడాది ఒక్కపూట భోజనం. పేరు మారుతుంది, ఎంత తింటున్నాం అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

సెట్‌లో తిండి సంగతి చెప్పాలి. ప్రొడక్షన్ భోజనం అంటే తెలియనివాళ్ళకి, అది రోజూ పెళ్ళి భోజనం లాంటిది. పొద్దున ఇడ్లీ, వడ, పొంగల్, ఉప్మా, దోసె. మధ్యాహ్నం వెజ్, నాన్ వెజ్. సాయంత్రం బజ్జీలు. ఇక టీ. ప్రొడక్షన్ బాయ్ ట్రే పట్టుకుని తిరుగుతూనే ఉంటాడు. షాట్ గ్యాప్ దొరికితే టీ, లైటింగ్ లేటైతే టీ. రోజుకి ఐదు టీలు, టీకి రెండు చెంచాల పంచదార. మొత్తం పది చెంచాలు, 50 గ్రాములు, 200 కేలరీలు. మీది ఆఫీసైనా కాలేజైనా ఇదే కథ. టీ మానమంటే నన్ను తంతారు. ఐదు టీలూ తాగండి, చెంచా ఒకటి చేయండి. నాలుక రెండు వారాల్లో అలవాటు పడుతుంది.

నేను సెట్‌లోనే తగ్గాను. 74 కేజీల నుంచి 65కి వచ్చాను. పది నెలలు పట్టింది. నేను పెట్టుకున్న రూల్ ఏంటంటే, బఫే దగ్గర మొదట ఖాళీ ప్లేటుతో ఒక రౌండ్ కొడతాను. అన్నీ చూస్తాను. అప్పుడు నాకు నిజంగా కావలసినవి మూడు వేసుకుంటాను. వడ కావాలంటే వడే వేసుకుంటాను. కానీ వడ, పొంగల్, దోసె మూడూ వేసుకోను. రేపు కూడా వడ ఉంటుంది. ఎక్కడికీ పోదు. ఫ్రీ తిండి దగ్గర మనకి ఆ నమ్మకం ఉండదు. ఇవాళ వదిలేస్తే ఇక దొరకదన్నట్టు తింటాం.

ప్లేటులో ఎంత ఉంటే అంత తినేయడం మనిషి స్వభావం. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2002లో ఒక పరీక్ష చేశారు. మనుషులకి ఒక్కో రోజు ఒక్కో మోతాదులో మాకరోనీ పెట్టారు. సగం కిలో నుంచి కిలో దాకా. అన్నిటికన్నా ఎక్కువ పెట్టిన రోజు, అన్నిటికన్నా తక్కువ పెట్టిన రోజు కన్నా 30 శాతం ఎక్కువ తిన్నారు. ఆకలి ఎక్కువై కాదు, ముందు ఉంది కాబట్టి. బిర్యానీ విషయంలో మనం చేసేదీ అదే. మన దగ్గర సింగిల్ బిర్యానీ అంటే చాలా చోట్ల ఇద్దరికి సరిపోతుంది. ప్యాక్ విప్పగానే సగం వేరే డబ్బాలో తీసి మూత పెట్టేయండి. తిన్నాక కాదు, తినకముందే. ఫ్రెండ్‌తో షేర్ చేసుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు రెండో భాగం. ఎంత తినాలో చెప్పుకున్నాం, ఎలా తినాలో చూద్దాం. మీలో చాలామంది తినేటప్పుడు ఎడమచేతిలో ఫోన్ ఉంటుంది. అబద్ధం చెప్పకండి. రీల్ మీద రీల్, ముద్ద మీద ముద్ద. రీల్స్ అయిపోవు, కంచం అయిపోతుంది. ఏం తిన్నామో గుర్తుండదు. గుర్తులేని భోజనం మనసుకి భోజనం కాదు. గంటకే ఏదైనా ఉందా అని ఫ్రిజ్ తెరుస్తాం. కడుపు నిండిందన్న కబురు తలకి చేరడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. మనం ఏడు నిమిషాల్లో తినేసి లేస్తే ఆ కబురు ఎవరికి చేరాలి?

ఒక పూట, ఒక్క పూట ఫోన్ వేరే గదిలో పెట్టి తినండి. మనం చేత్తో తినేవాళ్ళం, మనకి అది పెద్ద అడ్వాంటేజ్. వేళ్ళకి అన్నం వేడి తెలుస్తుంది, ముద్ద సైజు తెలుస్తుంది. నోట్లో ముద్ద అయ్యేదాకా చెయ్యి కంచంలో అలా ఉంచండి, రెండో ముద్ద కలపకండి. పప్పులో ఇంగువ తగలాలి, చారులో మిరియం తగలాలి. సగం తిన్నాక ఒక్క క్షణం ఆగి అడగండి, ఇంకా ఆకలి ఉందా, రుచి కోసం తింటున్నానా? రుచి కోసమైతే ఇంకో రెండు ముద్దలు తినండి, తప్పేం లేదు. కానీ తెలిసి తినండి.

అలాగే, రాత్రి పదకొండింటికి ఫుడ్ యాప్ తెరిచే ముందు కూడా అడగండి. ఇది ఆకలా, బోరా, టెన్షనా, ఒంటరిగా ఉండటమా? ఆకలైతే పెరుగన్నం చూసినా తినాలనిపిస్తుంది. పెరుగన్నం వద్దు, చికెన్ వింగ్సే కావాలి అనిపిస్తే అది ఆకలి కాదు. ఎవరికైనా ఫోన్ చేయండి. నిద్రపోండి. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి ఎక్కువేస్తుంది, ఇది నైట్ షూట్లు చేసేవాళ్ళందరికీ తెలుసు.

ఇప్పుడు అసలు సమస్య. అమ్మ. "ఇంకొంచెం వేసుకో నాన్నా, ఏం తిన్నావని?" కొసరి కొసరి వడ్డిస్తుంది. వద్దంటే అలుగుతుంది. మనకి తిండి అంటే ప్రేమ. చుట్టాలింటికి వెళ్తే మొహమాటం. కంచంలో వదిలేస్తే పాపం. కాబట్టి మనం ఆకలికి కొంత తింటాం, ప్రేమకి కొంత, మొహమాటానికి కొంత. ఈ మూడోదే నడుము దగ్గర చేరుతుంది.

అమ్మతో యుద్ధం చేయకండి. "నేను డైట్‌లో ఉన్నా" అనకండి, ఆ మాట వింటే అమ్మకి కంగారు. మొదటిసారి తక్కువ వేయించుకోండి. "అమ్మా, కావాలంటే నేనే అడుగుతా" అనండి. పది నిమిషాలాగి, నిజంగా కావాలంటే అడగండి. కంచం ఖాళీ చేసి లేవండి. కూర బాగుందని చెప్పండి. అమ్మకి కావలసింది ఆ మాట. గరిటె లెక్క కాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రోజుకి రెండు గరిటెల అన్నం, ఐదు చెంచాల పంచదార, ఒక చెంచా నూనె తగ్గించారు. 400 కేలరీలు. దానికి అరగంట నడక కలపండి. కేబీఆర్ పార్క్ చుట్టూనే నడవక్కర్లేదు, మీ కాలనీ చాలు. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిస్తే షుగర్ కూడా అదుపులో ఉంటుంది. ఇదంతా కలిపితే వారానికి అర కేజీకి దగ్గరగా వస్తారు. ప్రతి వారం రాదు. ఒక వారం ఏమీ తగ్గదు. ఒక వారం పెరిగినట్టు కూడా చూపిస్తుంది. ఉప్పు ఎక్కువ తిన్నా, పీరియడ్స్ టైమ్‌లోనూ ఒంట్లో నీరు నిలిచి కేజీ అటూ ఇటూ అవుతుంది. అందుకే రోజూ మిషన్ ఎక్కి ఏడవకండి. వారానికి ఒకసారి, అదే రోజు, అదే టైమ్. దాంతో పాటు నెలకి ఒకసారి టేపు. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడాలి. బీఎంఐ మన ఆసియావాళ్ళకి 23 దాటితేనే ఎక్కువ కింద లెక్క.

ఈ మాటలు అందరికీ కాదు. సన్నగా ఉండి కూడా అద్దంలో లావుగా కనిపించేవాళ్ళున్నారు. తిన్నాక వాంతి చేసుకునేవాళ్ళున్నారు. మీరు అలాంటివాళ్ళయితే గరిటె తగ్గించకండి, దయచేసి డాక్టర్‌తో మాట్లాడండి. సైకాలజిస్ట్‌తో మాట్లాడండి. షుగర్‌కి ఇన్సులిన్, ట్యాబ్లెట్లు వాడేవాళ్ళు, గర్భిణులు, థైరాయిడ్, పీసీఓడీ ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడిగాకే ఏదైనా మార్చండి.

ఆ కృష్ణానగర్ అమ్మాయి గురించి చెప్పలేదు కదా. ఇప్పుడు సీరియల్స్ చేస్తోంది. మూడు పూటలా తింటుంది. ఎనిమిది నెలల్లో ఆరు కేజీలు తగ్గింది. హీరోయిన్ కాలేదు, అవుతుందో లేదో తెలీదు. కానీ పద్నాలుగు గంటలు సెట్‌లో నిలబడగలుగుతోంది. ఏడాదిగా ఆ అమ్మాయి బ్లౌజులు నేను మళ్ళీ విప్పలేదు.

ఈ వారం మీకు ఒక్కటే పని. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, బుధవారానికల్లా మానేస్తారు. రాత్రి భోజనంలో ఒక గరిటె తక్కువ, ఫోన్ పక్క గదిలో. ఏడు రోజులు. వచ్చే వారం పంచదార సంగతి చూద్దురు. కడుపు మాడ్చుకోకండి. ఇష్టంగా తినండి, మెల్లగా తినండి. మీకు రిలీజ్ డేట్ లేదు.

ఉంటాను. జాగ్రత్త.